మండపానికి పడ్డ తాళం

వెనకటికి సిరివరం రాజ్యాన్ని ప్రతాపకేతుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయన కోట పక్కనే ఒక పాత మండపం ఉండేది. తోలుబొమ్మలు చేసేవాళ్ళు, పాడేవాళ్ళు, మద్దెల వాయించేవాళ్ళు అందరూ పొద్దున్నే అక్కడ చేరేవారు. ఒకరి పనికి ఒకరు వంకలు పెట్టుకుంటూ, నవ్వుకుంటూ పని చేసుకునేవారు.

ఆ నవ్వులు ఒకనాడు రాజుగారి చెవిన పడ్డాయి. తనను చూసే నవ్వుతున్నారనుకున్నాడాయన.

"నలుగురూ ఒకచోట చేరితేనే కదా ఈ కూతలు! ఎవరి పని వాళ్ళ ఇంట్లో చేసుకోమనండి," అని మండపానికి తాళం వేయించాడు.

ఆస్థాన విదూషకుడు దోనప్ప ఆ మండపంలోనే పెరిగినవాడు. ఆ రోజు కొలువులో ఉండి కూడా నోరు మెదపలేకపోయాడు. బయటికి వస్తే, బొమ్మలాటకు పాడే నాంచారమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది.

"ఊరందరినీ నవ్విస్తావు. మా కోసం ఒక్క మాట ఆడలేకపోయావా నాయనా?"

దోనప్ప తల దించుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ ఏడాదే మద్దెల వాళ్ళు పొరుగు రాజ్యానికి తరలిపోయారు. బొమ్మలకు రంగులద్దే ముసలి చెంచయ్య మంచం పట్టాడు. దోనప్ప రోజూ కొలువులో హాస్యమాడుతూనే ఉన్నాడు. ఇంటికొస్తే మాత్రం ముద్ద దిగేది కాదు.

అలా ఉండగా పొరుగు రాజు చుట్టపుచూపుగా వస్తున్నాడని కబురొచ్చింది. తన శౌర్యాన్ని ఆయన ముందు బొమ్మలాటగా ఆడించమని ప్రతాపకేతుడు దోనప్పను ఆజ్ఞాపించాడు.

"చిత్తం. తమరు సెలవిచ్చినట్టే, ఎవరింట్లో వారి చేత చేయిస్తాను," అన్నాడు దోనప్ప.

బొమ్మ పని తెలిసినవాళ్ళు ఊరికొకరుగా మిగిలారు. ఒకరికి మొండెం, మరొకరికి కాళ్ళు అప్పగించాడు. ఒకరి కొలత మరొకరికి తెలియనివ్వలేదు.

ఆటనాడు తెర మీద రాజుగారి బొమ్మ లేచింది. గాదె అంత మొండెం, జానెడు కాళ్ళు. బొమ్మ గాలిలో వేలాడుతోంది.

రాజు మండిపడుతూ లేచాడు. "ఏమిటిది దోనప్పా? నా కాళ్ళు నేలకు ఆనడం లేదేమిటి?"

సభంతా నవ్వు బిగబట్టుకుంది.

దోనప్ప చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, మండపం ఉన్న రోజుల్లో ఆ మాట పక్కవాడే చెప్పేవాడు. తాళం పడ్డాక, రాజుగారి కాళ్ళు నేలకు ఆనడం లేదని చెప్పే మనిషే ఈ రాజ్యంలో లేకుండా పోయాడు."

పొరుగు రాజు ఫక్కుమన్నాడు. ప్రతాపకేతుడి మొహం ఎర్రబడింది. బొమ్మ వంక మరోసారి చూశాడు. చివరికి తానూ కడుపు పట్టుకుని నవ్వాడు. తన పట్టుశాలువా దోనప్పకు కప్పి, మండపం తాళంచెవి చేతిలో పెట్టాడు.

తెల్లవారగానే దోనప్ప చెంచయ్య ఇంటికి పరుగెత్తాడు. "మామా, మండపం తెరుస్తున్నాం, లే!"

చెంచయ్య వణికే వేళ్ళు చూపించాడు. "ఇవి ఇక కుంచె పట్టవురా. నా బొమ్మలన్నీ మొన్ననే ఏట్లో కలిపించేశాను."

మద్దెల వాళ్ళు పొరుగు రాజ్యంలోనే స్థిరపడ్డామని కబురు పంపారు. తక్కినవాళ్ళు పొలం పనులకు కుదిరిపోయామన్నారు.

నాంచారమ్మ ఒక్కతే వచ్చింది. దుమ్ములోనే కూర్చుని పాట ఎత్తుకుంది. మద్దెల అందుకోవలసిన చోట ఆగింది.

దోనప్ప పట్టుశాలువా తీసి, దాంతో నేల తుడవడం మొదలుపెట్టాడు.