ఉప్పు చాలని పచ్చడి

"గాజుపళ్ళెంలో చచ్చే క్యాన్సర్ కణం అమ్మ ఒంట్లో మాత్రం ఎందుకు చావదు మేడమ్?" అని వైదేహి అడిగిన రోజు నాకింకా గుర్తుంది.

మా భ్రమరాంబ మేడమ్‌కి ప్రశ్న వినగానే జవాబు చెప్పే అలవాటు లేదు. ముందు కళ్ళద్దాలు తుడుచుకునేవారు. ఆ ఇరుకు ల్యాబులో నేనూ వైదేహీ ఇద్దరమే శిష్యులం. ఎండబెట్టిన బీరపొట్టు వాసన ఇంటికెళ్ళినా మా బట్టల్ని వదిలేది కాదు. అప్పట్లో విసుక్కునేవాణ్ణి, ఇప్పుడా గదిలో కంప్యూటర్లు పెట్టారు, ఆ వాసన కోసం ప్రాణం కొట్టుకుంటుంది.

పొట్టు సారం నాలుగు చుక్కలు వేస్తే పళ్ళెంలో కణాలు చస్తున్నాయని కనిపెట్టింది వైదేహే. ఆ మాట ఇంట్లో చెప్పడమే పొరపాటైంది. వాళ్ళమ్మ ఆండాళమ్మ గారికి రొమ్ము క్యాన్సర్. "నా కూతురు మందు కనిపెట్టాక నాకా సూదులెందుకు?" అని ఆసుపత్రి మానేసి, పచ్చి పొట్టు రసం తాగుతున్నారు. అన్నం సయించడం లేదు. మర్నాటి కీమో సూదికి కూడా రానని భీష్మించుకు కూర్చున్నారు.

ఆ సాయంత్రం మేడమ్ ఒక స్టీలు గిన్నె పట్టుకుని, మమ్మల్ని వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళారు.

"వదినగారూ, బీరపొట్టు పచ్చడి చేశాను. కాస్త రుచి చూసి చెప్పండి."

ఆండాళమ్మ గారు మొహమాటానికి ఒక ముద్ద కలిపారు. మొహం చిట్లించారు. "ఉప్పు చాల్లేదు. నువ్వులు మాడాయి. మా అమ్మ చేస్తే వీధి మలుపులోనే తెలిసిపోయేదండీ!" అంటూ ఉప్పు తెప్పించుకుని ఇంకో ముద్ద కలిపారు. ఆ తర్వాత మరొకటి. వంకలు పెడుతూనే గిన్నె ఖాళీ చేశారు. వైదేహి తలుపు చాటుకెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

"రేపు సూది అయ్యాక వస్తాను. దగ్గరుండి నేర్పుతారా?" అన్నారు మేడమ్.

"మరి మా అమ్మాయి మందో?"

"అదింకా పసిబిడ్డ వదినగారూ, నడకైనా రాలేదు. మిమ్మల్ని మొయ్యమంటే ఎలా మోస్తుంది?"

ఆండాళమ్మ గారు కూతురి వంక తిరిగారు. "రేపు ఎన్నింటికే వెళ్ళాలి?" అని అడిగారు.

వీధి చివరిదాకా సాగనంపడానికి వచ్చిన వైదేహి, "నా ప్రశ్నకి జవాబు చెప్పనే లేదు మేడమ్" అంది.

మేడమ్ ఖాళీ గిన్నె చెయ్యి మార్చుకున్నారు.

"మన పళ్ళెంలో ఉన్నవి ఒట్టి కణాలు, మనిషి కాదు. అవి ఎప్పుడైనా ఉప్పు చాల్లేదన్నాయా అమ్మాయ్?"