కుండ పగిలిన తర్వాత

మధ్యాహ్నం మూడు గంటలు. రెండు రోజులుగా తుఫాను ముసురు. వాన పెద్దగా లేదు, ఆగడమూ లేదు.

పరిషత్తు నాటక పోటీల్లో పేరున్న సమాజాలకి సాయంత్రాలు ఇస్తారు, కొత్తవాళ్ళకి మధ్యాహ్నాలు. మా ఊరి నుంచి వెళ్ళినవాళ్ళంతా కొత్తవాళ్ళే. నా కూతురు హైమ డిగ్రీ రెండో సంవత్సరం. స్టేజీ ఎక్కడం అదే మొదలు. రాజు వేషం కట్టిన నరహరి ఎరువుల కొట్టులో గుమాస్తా. అతనికీ అదే మొదలు. వాళ్ళకి నేర్పిన జోగారావు మాస్టారు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. నలభై ఏళ్ళుగా నాటకాలు ఆడిస్తున్నారు. పందిరి వెనక తాటాకు దడి కట్టి దాన్నే గ్రీన్‌రూం అన్నారు. హైమకి తోడుగా వెళ్ళిన నేను అందులో ఒక మూల కూర్చున్నాను.

మాస్టారి దగ్గర ఒక పద్ధతి ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళకి నెల రోజుల పాటు వాళ్ళ మాటలు వాళ్ళకి ఇవ్వరు. ఎదుటి పాత్ర మాటలు నోటుపుస్తకంలో రాయించి వల్లె వేయిస్తారు. ఆ పాత్ర ఎక్కడ ఊపిరి తీస్తుందో, ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ నోరు మూసుకుంటుందో కూడా అప్పజెప్పాలి. చివరి వారంలో గానీ సొంత మాటలు చేతికి రావు. ఇంకేం అడిగినా రెండు ముక్కల్లో తేల్చేస్తారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలి అంటే, పని లేకపోతే ఎక్కడా పెట్టొద్దంటారు. జనాన్ని చూస్తే భయమేస్తోంది అంటే, నిన్ను జనాన్ని చూడమన్నదెవరంటారు. నాకు ఆ పద్ధతి నచ్చలేదు. నెల రోజులు నా కూతురు మా వంటింట్లో మగగొంతు పెట్టి రాజు మాటలు చదివింది. ఇదేం చదువండీ అని మాస్టారిని ఒకసారి అడిగాను. ఆయన నవ్వారు. నవ్వేసరికి నాకు ఒళ్ళు మండింది.

నరహరికీ లోపల అదే మంట. ఆ మధ్యాహ్నం మాస్టారు అతనికి మీసం అతికిస్తుంటే ఇక ఆపుకోలేకపోయాడు.

"మాస్టారూ, రాజుకి పదకొండు పద్యాలున్నాయండి. వాటికి వారం ఇచ్చారు. ముసల్దాని మాటలకి నెల ఇచ్చారు. ఇవాళ ఆ పదకొండులో ఒక్కటి తప్పినా జడ్జీలు మార్కులు కోసేది నాకు కదండీ. ఎదుటివాళ్ళ మాటలు నాకెందుకు?"

"జిగురు ఆరేదాకా పెదవులు కదపకు," అన్నారు మాస్టారు.

"అన్నయ్యా, నువ్వు కంగారుపడకు," అంది హైమ, ముసలమ్మ వేషానికి నెత్తికి బూడిద రాసుకుంటూ. "పద్యం మర్చిపోతే నా మాటలే చెప్పెయ్. నాకంటే నీకే బాగా వచ్చు."

హార్మోనియం వాయించే బుల్లిరాజు గారు పకపకా నవ్వారు. నరహరి నవ్వలేకపోయాడు, మీసం ఊడుతుందని. మాస్టారు లేచి చేతులు కడుక్కున్నారు.

నాటకం ఏమిటో చెప్పాలి. కరువు కాలం. రాజు ధాన్యపు కొట్టుకి తాళం వేయించాడు. మనవడు ఆకలితో పోయిన ఒక కుమ్మరి ముసలమ్మ కుండ పట్టుకుని సభకి వస్తుంది. అది హైమ వేషం. తిడుతుంది, ఏడుస్తుంది, చివరికి, "ఈ కుండకి మట్టి నేను పెట్టాను రాజా, గింజ నువ్వు పెట్టు" అంటుంది. రాజు పలకడు. ఆమె కుండ వదిలేస్తుంది. అది పగిలిన చప్పుడుకి రాజు సింహాసనం మీంచి లేచి పద్యం ఎత్తుకుంటాడు. ఆ తర్వాత నాటకం అయ్యేదాకా ముసలమ్మకి మాట లేదు. మూలుగు కూడా లేదు. అలా నిలబడి ఉండాలి, అంతే.

తెర లేచే ముందు నేను స్టేజీ మీదకి వెళ్ళి చూశాను. పందిరి రెండు చోట్ల కారుతోంది. బల్లల మీద పరిచిన జంపఖానా తడిసి ఉంది. మధ్యలో ఇనప స్టాండు మైకు. దాని వైరు గోనెపట్టా కిందగా పోతోంది. అతుకు దగ్గర చుట్టిన నల్లటేపు సగం విడిపోయి ఉంది. కమిటీ సెక్రటరీ అటుగా వస్తే చూపించాను.

"ఏం కాదండమ్మా. నిన్నా ఇలాగే ఆడారు," అన్నాడు. "మీరు వెళ్ళి కూర్చోండి. ఆలస్యమైతే సాయంత్రం సమాజాల వాళ్ళు గొడవ చేస్తారు."

నేను వెళ్ళి కూర్చున్నాను. ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. వైరు కళ్ళతో చూసి, నోటితో చెప్పి, ఏం కాదన్నాడని వెళ్ళి రెండో వరసలో కూర్చున్నాను.

హైమ బాగా చేసింది. తల్లిని కాబట్టి అనడం లేదు. నా పక్కన కూర్చున్న పెద్దాయన రెండుసార్లు ముక్కు చీదుకున్నాడు. చివరి మాట కోసం మైకు దగ్గరికి వచ్చింది. "గింజ నువ్వు పెట్టు" అంది. కుండ వదిలింది. వదలడం, తడిసిన జంపఖానా మీద కాలు జారడం ఒక్కసారే జరిగాయి. పడకుండా రెండు చేతులతోనూ మైకు స్టాండు పట్టుకుంది. కుండ పగిలింది.

అప్పుడు ఆ గొంతు వచ్చింది. "ఆ" అని సన్నగా మొదలై వణుకుతూ సాగింది. ఆగలేదు. తల వెనక్కి వాలింది. ఒళ్ళంతా ఊగుతోంది. మన వాళ్ళకి పద్యనాటకం అంటే రాగమే కదా. ముసలమ్మ శోకంతో రాగం తీస్తోందనుకున్నారు. బుల్లిరాజు గారు హార్మోనియం మీద ఆ స్థాయి వెతికి పట్టుకుని శ్రుతి కలిపారు. వెనక బల్లల్లోంచి ఒకడు "వన్స్‌మోర్" అని అరిచాడు. ఇంకో నలుగురు అందుకున్నారు. పందిరంతా చప్పట్లు. నేనూ కొట్టాను. ఈ రాగం నాకు తెలియకుండా ఎప్పుడు నేర్చుకుందా అని మురిసి మరీ కొట్టాను.

నరహరి సింహాసనం మీంచి లేచాడు. కుండ పగిలింది కాబట్టి లేచాడు. పద్యానికి నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. హైమ వైపు చూశాడు. రెప్పపాటు, అంతకంటే లేదు. వెనక్కి తిరిగి, తను కూర్చున్న చెక్క కుర్చీని రెండు చేతులతో ఎత్తి, ఆ మైకు స్టాండు మీద శక్తికొద్దీ కొట్టాడు.

జనం గొల్లున నవ్వారు. "రాజుగారికి ఒళ్ళు మండిందిరోయ్" అన్నారెవరో. స్టాండు విరిగి అటు పడింది. నా కూతురు ఇటు పడింది. పడ్డాక ఆ గొంతు ఆగింది. ఆగాక గానీ అది రాగం కాదని నాకు తెలియలేదు.

"లైను తీసెయ్యండి, లైను" అని నరహరి అరుస్తూనే ఉన్నాడు. తీసేశారు. నేను స్టేజీ ఎలా ఎక్కానో గుర్తు లేదు. హైమ కళ్ళు తెరిచే ఉంది. ఊపిరి ఉంది. అరచేతులు రెండూ కాలి బొబ్బలు లేచాయి. భటుల వేషాలు వేసిన అన్నదమ్ములిద్దరు ఆమెని ఎత్తుకున్నారు. అప్పుడు వచ్చాడు సెక్రటరీ.

"కొంచెం తొందరగా దింపండమ్మా. నాలుగున్నరకి ఇంకో నాటకం ఉంది."

"స్టాండు తిన్నగా నిలబెట్టించు," అన్నాను. "లైను వేయించు. నువ్వొచ్చి రెండు చేతులతో పట్టుకో. ఆ తర్వాత దిగుతాం."

నేను అంతకు ముందు పరాయి మనిషినెవరినీ నువ్వు అని ఎరగను.

గవర్నమెంటు ఆసుపత్రిలో గుండె పరీక్ష చేశారు, ఒకసారి కాదు రెండుసార్లు. రెండు గంటలు ఉంచుకుని, ప్రమాదం లేదని, చేతులకి కట్లు కట్టి పంపిస్తామన్నారు. ఆ రెండు గంటలూ మేం వరండాలో బల్ల మీద కూర్చున్నాం. వేషాలు తీయడం ఎవరికీ గుర్తు లేదు. వచ్చేపోయేవాళ్ళు రాజుని, భటులని చూసి ఆగుతున్నారు. బుల్లిరాజు గారు ఒక్కరూ స్తంభానికి ఆనుకుని, "శ్రుతి కలిపానమ్మా, నా చేతులు విరగ్గొట్టాలి" అని పదే పదే అంటున్నారు. ఆయన్ని ఊరడించే ఓపిక నాకు లేదు.

మాస్టారి ముందుకి వెళ్ళి నిలబడ్డాను.

"మాస్టారూ, మీరు పక్క తెర దగ్గరే ఉన్నారు. మూడు బారల దూరం లేదు. నలభై ఏళ్ళుగా చూస్తున్నారు. మీకెందుకు తెలియలేదు?"

ఆయన తలెత్తి నా మొహం చూశారు. "పద్యం కోసం చూస్తున్నానమ్మా," అన్నారు. "కుండ పగిలింది కదా, వీడు ఎత్తుకోడేమిటని వీడి మీద కోపం కూడా వచ్చింది."

దాచలేదు. దాచి ఉంటే ఆ వరండాలోనే అరిచేదాన్ని. దాచలేదని కోపం తగ్గిందా అంటే, తగ్గలేదు. ఆయనే కాదు, ఆ పందిట్లో ఉన్నవాళ్ళెవరూ నాకు మనుషుల్లా కనబడలేదు. నేనూ చప్పట్లు కొట్టానని మాత్రం ఆయనకి చెప్పలేదు. పంతొమ్మిదేళ్ళు పెంచాను. జ్వరమొస్తే ఎలా మూలుగుతుందో తెలుసు, అలిగితే ఎలా ఏడుస్తుందో తెలుసు. రెండో వరసలో కూర్చున్నాను.

నరహరి దగ్గరికి వెళ్ళాను. అతను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"నీకెలా తెలిసింది బాబూ?"

"అక్కడ ఆవిడకి ఏం లేదండి పిన్నిగారూ," అన్నాడు. అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు అన్నాడు. "కుండ పగిలాక ఆవిడ నోరు మూసుకోవాలండి. నెల రోజులు అప్పజెప్పాను కదండీ. మొదటి రెండ్రోజులూ నేను అక్కడ చిన్న ఏడుపు పెడితే మాస్టారు ఒప్పుకోలేదు. ఏం లేదురా అక్కడ, ఏం లేదు అని ఎన్నిసార్లు తిట్టారో. ఏం లేనిచోట గొంతు వస్తుంటే, మరి అది నాటకం కాదు కదండీ."

ఇంకేదో అడగబోయాను. అతని తల మీద చెయ్యి వేశాను. రాజు కిరీటం ఇంకా ఉంది, అట్టది. దాని మీదే వేశాను.

నర్సు వచ్చి పిల్లని తీసుకెళ్ళొచ్చంది. అందరం లేచాం. మాస్టారు లేవలేదు. నరహరి ఆయన దగ్గరికి వెళ్ళి నెమ్మదిగా, తప్పు చేసినవాడిలా అన్నాడు.

"మాస్టారూ, ఆ పద్యం నాకు ఒక్క ముక్క గుర్తు రాలేదండి. ఇప్పటికీ రావట్లేదు. ఇందాకట్నుంచి తలుచుకుంటున్నాను. పదకొండూ పోయాయండి."

మాస్టారు అతని భుజం పట్టుకుని లేచారు.

"పోతే పోనీరా," అన్నారు. "ఇవాళ వాటితో పనేం పడింది?"

నరహరికి అర్థమైందో లేదో నేను చూడలేదు. నేను హైమ చెప్పులు వెతుకుతున్నాను.

దీపాలు పెట్టే వేళకి వ్యాను మా వీధి మొదట్లో ఆగింది. ముసురు ఇంకా పడుతూనే ఉంది. నేను ముందు దిగి తలుపు పట్టుకుని నిలబడ్డాను. భటులిద్దరు దిగారు, అన్న, వెనక తమ్ముడు. బుల్లిరాజు గారు దిగారు, హార్మోనియం పెట్టె ఆయన మోయలేదు, తమ్ముడు అందుకున్నాడు. మాస్టారు దిగారు. నరహరి దిగి, వెనక్కి తిరిగి, హైమ మోచేతుల కింద చేతులు వేసి దింపాడు. ఆరుగురు. నాతో ఏడుగురు. వ్యాను వెళ్ళిపోయింది. వీధిలో ఎవరిళ్ళకి వాళ్ళు నడుస్తుంటే, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాను.