పెట్టె వదినకి, టీవీ మరిదికి

అనగనగా అనకాపల్లిలో, రెండు వేల పంతొమ్మిది జూన్ పద్నాలుగు, శుక్రవారం. మృగశిర కార్తె వచ్చి వారమైనా చినుకు పడలేదు అమ్మలూ, డాబాలు పెనాల్లా కాలుతున్నాయి. పూర్వం మృగశిర మాట తప్పేది కాదు. సరే, అది వేరే కథ.

ఆ ఊళ్ళో వరహాలమ్మ ఉండేది. ఆమె పెనిమిటి పెళ్ళిళ్ళకి మైకు సెట్టు కట్టేవాడు. ఆయన పోయాక పెద్దమనుషులు ఉమ్మడి సామాను పంచారు. ఏం పంపకమనుకున్నావు? టీవీ మరిది సన్యాసిరావుకి, దాని కేబుల్ బాక్సు వరహాలమ్మకి! ఎద్దు ఒకరికి, ముకుతాడు ఒకరికి ఇచ్చినట్టు. "ఇద్దరు మనుషులు, రెండు వస్తువులు, సరిపోయింది" అన్నారట. వాళ్ళ పెద్దరికం మండ!

ఆ సాయంత్రం ఆరింటికి ఆమె కూతురు రమణి ఊరి కేబుల్ ఛానల్లో మొదటిసారి వార్తలు చదవబోతోంది. మళ్ళీ వెయ్యరు. కన్నతల్లి చూడొద్దూ?

అప్పుడు మరిది ఇంటి గుమ్మంలోకి వెళ్ళి, "నా బాక్సు నీ టీవీకి ఒక్క అరగంట తగిలించుకోనియ్యి బాబూ" అంది.

"తరవాత బాక్సు ఇక్కడే వదిలేస్తానంటే తగిలించుకో వదినా" అన్నాడు ఆ మహానుభావుడు.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి, రమణి చదువుకున్న కంప్యూటర్ మానిటర్ దుమ్ము దులిపింది. కేబుల్ వాడికి ఫోన్ చేస్తే, "దాని మీద రాదమ్మా, కొత్త టీవీ కొనుక్కో" అని కసిరాడు. చెప్పడానికి వాడికేం?

మొదట వైరు దూరలేదు. బాక్సుది సన్నని మూతి, మానిటర్‌ది వెడల్పు మూతి. రిపేరు షాపు మంగతాయారు రెండిటినీ కలిపే చిన్న కన్వర్టర్ అరువిచ్చింది.

ఆ తర్వాత తెర నల్లగానే ఉంది. పక్కనున్న బొత్తాలన్నీ నొక్కగా నొక్కగా బొమ్మ వచ్చింది.

ఆ తర్వాత చూస్తే మాట లేదు! ఆ మానిటర్‌కి నోరే లేదు అమ్మలూ. టైము ఆరుకి పది నిమిషాలు.

ముప్ఫై ఏళ్ళు మొగుడి వైర్లు చుట్టిన చేతులవి. అటక మీంచి ఆయన ఆంప్లిఫయర్ దించింది. బాక్సు వెనక ఎర్ర, తెల్ల కన్నాల్లోంచి దానికి వైరు లాగింది. స్పీకర్లన్నీ ఎప్పుడో పోయాయి, పెళ్ళిపందిరి బాకా ఒక్కటే మిగిలింది. దాన్నే కిటికీలో పెట్టింది.

ఆరింటికి, "నమస్కారం, వార్తలు చదువుతున్నది రమణి" అని వీధి వీధంతా మోగింది! వరహాలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

అప్పుడు సన్యాసిరావు గుమ్మంలోకి వచ్చి నసిగాడు. "కాస్త లోపలికొచ్చి చూడనా వదినా?"

"మాట నీ వాటా, బొమ్మ నా వాటా. ఇద్దరు మనుషులు, రెండు వస్తువులు. వీధిలో నిలబడి విను బాబూ!"

వరహాలమ్మ తరవాత ఆంప్లిఫయరూ, బాకా, మానిటరూ, బాక్సూ రమణికి వచ్చాయి. కన్వర్టర్ మంగతాయారుకి చేరింది. మరి మరిదికో?

కథ వెళ్ళింది కంచికి,
మనం చేరాం మంచానికి,
బాకా దక్కింది బిడ్డకి,
గుండుసున్నా మరిదికి!