మడి బట్టల్లో దురద

కొండవరం రాజుగారికి వీపు మీద, రెక్క ఎముక పక్కన, చెయ్యి అందని చోట ఒకటే దురద. పొక్కు లేదు, దద్దురు లేదు. ఆస్థాన వైద్యుడు అవధానులు ఏడాదిపాటు లేపాలు పూశాడు, దురద మాత్రం కదల్లేదు. తన మందును ఎవరైనా తప్పుపడతారేమోనని ఆయనే ముందు తేల్చేశాడు.

"ఇది ఉతుకు దోషం ప్రభూ. ఆ పైడమ్మ ఉతికే చౌడుమట్టిని బట్టల్లోనే వదిలేస్తోంది. దాన్ని ఊళ్లోంచి వెళ్లగొట్టండి."

బట్టలుతికే పైడమ్మను సభకు ఈడ్చుకొచ్చారు.  రాజుగారి తలమీద రెండు వీశెల బరువు కిరీటం, ఆయన మాటిమాటికీ మెడ సర్దుకోవడం చూసేసరికి ఆమెకు ప్రాణం లేచొచ్చింది. పెద్ద మూటలు మోసిన రోజుల్లో తనకూ సరిగ్గా అక్కడే దురద పుట్టేది.

"అయ్యా, వైద్యులవారు మడి మనిషి. తన బట్టలు తానే ఉతుక్కుంటారు. వారం రోజులు మీ కిరీటం వారికి పెట్టి పక్కన కూర్చోబెట్టుకోండి. మీరు నేనుతికినవే కట్టుకోండి. దోషం నాదైతే అప్పటికీ మీరే గోక్కుంటుంటారు."

కిరీటం అనగానే అవధానుల కళ్లు మెరిశాయి. ఎవరూ అడక్కముందే సరేనన్నాడు.

ఎనిమిదో రోజు సభ కిక్కిరిసిపోయింది. రాజుగారు ఉత్త తలతో హాయిగా కూర్చున్నారు. అవధానులు మాత్రం కిరీటం జారకుండా రెండు చేతులా పట్టుకుని, స్తంభానికి వీపు రాసుకుంటున్నాడు.

రాజుగారు అటు తిరిగి అడిగారు.

"ఏమయ్యా అవధానులూ, నీ బట్టలెవరు ఉతికారు?"