శ్రుతిపెట్టె సెమిస్టరు

కోటిలింగం మేష్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు తాంబూలం నోట్లో వేసుకుంటారు. అది నమలడం పూర్తయ్యేలోగా అడిగినవాడు విసిగి లేచిపోవాలి, లేదా ఏదో ఒకటి జరగాలి. మా సంగీత కళాశాలలో నాదస్వరం శాఖకు ఆయన అధిపతి. నేను అక్కడే తెలుగు పాఠాలు చెప్పేదాన్ని. ఈ పద్ధతి చూస్తే నాకు ఒళ్ళు మండేది, ఇప్పటికీ మండుతుంది. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్తే ఆయన సొమ్మేం పోతుంది?

ఆ వేసవిలో ప్రశ్న అడిగినవాడు మీరావలి. తాతల కాలం నుంచీ నాదస్వరం ఉన్న ఇంట్లో పుట్టాడు. అతను కల్యాణి రాగం ఎత్తుకుంటే పక్క గదిలో పాఠం చెబుతున్న నేను సుద్దముక్క కింద పెట్టి వినేదాన్ని. డిగ్రీ చదువు మరో ఊళ్ళో మొదలుపెట్టి, సగం దాటాక మా దగ్గరికి మారాడు. కొన్ని పేపర్లు ఆన్‌లైనులో రాశాడు, సెలవుల్లో ఇంకెక్కడో కొన్ని చదివాడు. అలా కూడబెట్టుకున్న క్రెడిట్లు డిగ్రీకి కావలసినవాటిని ఎప్పుడో దాటేశాయి. అయినా ఆఫీసువాళ్ళు పట్టా కుదరదన్నారు. క్రెడిట్లు ఎక్కడ సంపాదించుకున్నా సరే, చివరి సెమిస్టరు మాత్రం మా కళాశాలలోనే పేరు నమోదు చేయించుకుని చదవాలట. అందులో సహవాద్యం అనే పేపరు తప్పనిసరి. సహవాద్యమంటే, ఇంకొకరు నాదస్వరం వాయిస్తుంటే పక్కన ఆధారస్వరం మోగించే శ్రుతిపెట్టె పట్టుకుని కూచోవడం.

అప్పుడే ప్రభుత్వ సంగీత పాఠశాలలో నాదస్వరం ఉపాధ్యాయుడి పోస్టు పడింది. అది ఎన్నేళ్ళకో ఒకసారి పడే పోస్టు, డిగ్రీ లేనివాడి దరఖాస్తు తీసుకోరు. మీరావలి తండ్రికి ఉబ్బసం ముదిరి వాయిద్యం మూలపడింది, ఇల్లంతా ఇతని మీదే ఆధారపడి ఉంది. ఆ సెమిస్టరు చదువుతూ కూచుంటే పోస్టు ఇంకొకరి పాలవుతుంది. శాఖాధిపతి సిఫారసు చేస్తే మినహాయింపు దొరుకుతుంది. అంటే కోటిలింగం మేష్టారు ఒక్క సంతకం పెడితే చాలు.

మీరావలి నా ముందే అడిగాడు.

“మేష్టారూ, కావలసినవాటికన్నా ఎక్కువ క్రెడిట్లే ఉన్నాయి నాకు. శ్రుతికి ఇప్పుడు ఫోనులో ఒక యాప్ చాలు. ఆ యాప్ చేసే పనికి నేనెందుకండీ అన్నాళ్ళు కూచోవడం?”

నాకు అతని మాటే సబబుగా తోచింది, ఆ మాట పైకే అన్నాను. మేష్టారు నిమ్మకు నీరెత్తినట్టు నములుతూ ఉండిపోయారు. లేచి వెళ్ళబోయేముందు మాత్రం, మా లైబ్రేరియన్ గారి అమ్మాయి పెళ్ళికి మేళం మనదే గనక నాదస్వరం మీరావలి వాయించాలనీ, శ్రుతి తాను పడతాననీ చెప్పారు. గురువు శ్రుతి పట్టడం, శిష్యుడు ముందు కూచుని వాయించడం మా కళాశాలలో ఎవరూ కనీవినీ ఎరగరు. మీరావలి మొహం వెలిగిపోయింది. సంతకానికి ఇదే పరీక్ష కాబోలని అతననుకున్నాడు, నేనూ అనుకున్నాను.

పెళ్ళిలో నేను ఆడవాళ్ళ వరసలో, మేళానికి దగ్గరగా కూచున్నాను. మీరావలి ఆ రోజు వాయించినట్టు ఎవరూ వాయించరు, ఎవరు కాదన్నా నేనొప్పుకోను. కళ్ళు మూసుకుని కల్యాణి ఎత్తుకున్నాడు. కబుర్లు చెప్పుకుంటున్నవాళ్ళు నోళ్ళు మూశారు. పక్కనే మేష్టారు శ్రుతిపెట్టె ఒళ్ళో పెట్టుకుని, ఒక చేత్తో దాని తిత్తి ఆడిస్తూ, వాయిస్తున్నవాడి వైపు చూడనైనా చూడకుండా మండపం వైపే చూస్తున్నారు. ఇదేం మనిషిరా బాబూ, శిష్యుడు ఇంత బాగా వాయిస్తుంటే ఒక్కసారి తలైనా ఊపడు అని మనసులో తిట్టుకున్నాను.

ముహూర్తం దగ్గరపడింది. వధూవరుల చేతుల్లో జీలకర్రా బెల్లం పెట్టారు. పురోహితుడు చెయ్యి పైకెత్తి గట్టిమేళం అని కేకవేశాడు. స్పీకర్ల హోరులో ఆ కేక ఎవరికీ వినపడలేదు. ఎత్తిన ఆ చెయ్యి చూసి మేష్టారు ఖాళీగా ఉన్న చేత్తో మీరావలి మోకాలు నొక్కారు.

మీరావలి చిరునవ్వు నవ్వి, ఇంకో సంగతి వేశాడు. మేష్టారు మళ్ళీ నొక్కారు. అతను ఇంకా పైకి వెళ్ళాడు. డోలు వాయించేవాడు గట్టిమేళానికి సిద్ధంగా పుల్ల ఎత్తి పట్టుకునే ఉన్నాడు. కానీ నాదస్వరం సైగ చెయ్యకుండా కొట్టడం మేళంలో మర్యాద కాదు. మండపం మీద పెళ్ళికొడుకు చెయ్యి పెళ్ళికూతురి తల దగ్గరే ఆగిపోయింది. లైబ్రేరియన్ గారు కండువా ఊపుతూ మా వైపు పరుగెత్తుకొస్తున్నారు. మేష్టారు మూడోసారి నొక్కి చూసి, శ్రుతిపెట్టె పక్కన పెట్టేసి, వంగి తన అరచేత్తోనే డోలు మీద ఒక్కటి వేశారు. ఆ దెబ్బతో డోలు అందుకుంది, మీరావలి కళ్ళు తెరిచాడు, గట్టిమేళం మోగింది. ముహూర్తం వెంట్రుకవాసిలో దక్కింది.

ఆ తరువాత మీరావలి బాగానే వాయించాడు గానీ మళ్ళీ కళ్ళు మూసుకోలేదు. మేళంవాళ్ళకు భోజనాలు ఆఖరి పంక్తిలో. అక్కడ వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది నేను వినలేదు. కార్తీకంలో ఒకనాడు మొదటి సంవత్సరం పిల్లవాడొకడు సరళీ వరసలు వాయిస్తుంటే, పక్కన శ్రుతిపెట్టె ఒళ్ళో పెట్టుకుని కూచున్న మీరావలే నాకు చెప్పాడు. అప్పటికి ఆ పోస్టులో ఇంకెవరో చేరిపోయారు. ఇంటి ఖర్చుకు ఇతను సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకుంటున్నాడు. ఆ సంగతి చెప్తున్నప్పుడు కూడా అతను నా వైపు చూడలేదు, పిల్లవాడి వైపే చూస్తున్నాడు.

పెళ్ళినాడు విస్తరి ముందు కూచుని, మీరావలే ముందు నోరు విప్పాడట. మేష్టారూ, మోకాలు నొక్కితే మీరు మెచ్చుకుంటున్నారనుకున్నానండీ అన్నాడట. మేష్టారు పప్పులో నెయ్యి కలుపుకుంటూ, తెలుసురా, నొక్కినప్పుడల్లా ఇంకా బాగా వాయించావు అన్నారట. చెయ్యి కడుక్కున్నాక మినహాయింపు కాగితం జేబులోంచి తీసి, కలం మూత విప్పి, పెట్టమంటే ఇప్పుడే పెడతానన్నారు. వేళాకోళం కాదు, నిజంగానే పెట్టేవారు.

పెట్టమనడానికి మీరావలికి నోరు రాలేదు, అలాగని ఆశా చావలేదు. చివరిసారిగా ఒక మాట అడిగి చూశాడు.

“ఆ ఉద్యోగం పెళ్ళిళ్ళలో వాయించడానికి కాదు గదండీ, పిల్లలకు పాఠం చెప్పడానికి. బళ్ళో గట్టిమేళం ఉండదు గదా?”

మేష్టారు ఆ ఒక్కసారే తాంబూలం వేసుకోకుండా జవాబు చెప్పారట.

“ఉండదురా. అక్కడ నీ ఎదురుగా కూచునే పిల్లలు మోకాలు కూడా నొక్కరు.”