రేకాబు కోడళ్ళ గుడారపు మేకు వ్రత కథ

అక్షతలు చేతబట్టి అందరు కూర్చుండుడు. మగవారు ముందు వరుసలో కూర్చుండిన మరీ మంచిది.

పూర్వము మేధాతిథి యను ముని దీర్ఘశ్రవుడను మహర్షిని జూచి, "స్వామీ! ఇల్లే లేనివారు ఇల్లు నిలుపుకొనుటకు ఏ వ్రతము కలదు?" అని యడిగెను. దీర్ఘశ్రవుడు ఇట్లు చెప్పదొడగెను.

యూదా దేశమున రేకాబు కుమారుడు యోనాదాబు అను పెద్ద యుండెను. ఆయన తన సంతతిని పిలిచి, ద్రాక్షారసము త్రాగరాదనియు, ఇల్లు కట్టరాదనియు, విత్తనము విత్తరాదనియు, బ్రతికినంత కాలము గుడారములలోనే యుండవలెననియు ఆజ్ఞాపించెను. కొడుకులును మనుమలును తలలూపిరి. మేకులు మాత్రము కోడళ్ళు పాతిరి.

ఆ వంశమున మల్కీయా యనువాని భార్య హొగ్లా. గడ్డి అయిపోయినప్పుడెల్ల మల్కీయా గొఱ్ఱెలను తోలుకొని చేతులూపుకొనుచు ముందు పోవును. ఆమె త్రాళ్ళు విప్పి, మేకులు పెఱికి, గుడారము చుట్టి, గాడిదకెత్తి, వెనుక పోయి మరల పాతును. ఒక్క మేకైన పట్టుకొమ్మని యడిగిన, అది ఆడవారి పని యని అతడు పలికెను.

ఒకనాడు హొగ్లా మణికట్టు బెణికెను. విధిలేక మల్కీయాయే గుడారము పాతెను. మేకు వేలెడు లోతైనను దిగలేదు. సాయంకాలము గాలి వీచెను. గుడారము లేచిపోయెను. పిండి ఇసుకలో కలిసెను. మామగారైన షెమయా గొంగళితో సహా దొర్లిపోయెను. మంద బెదరి చెదరెను.

మల్కీయా కోపించి, "నువ్వే ఎక్కడో చాటుగా ద్రాక్షారసం గుటకేసి ఉంటావు. యోనాదాబు తాతగారికి ఆగ్రహం వచ్చింది!" అనెను. ఈ గుడారపు వ్రతము తమకు అచ్చిరాలేదనియు, రేపే పట్టణమునకు పోయి గోడలు కట్టుకొందమనియు పలికెను.

హొగ్లాకు ఒళ్ళు మండెను. ఇన్నేండ్లు తాను మోసిన వ్రతమును ఇతడు ఒక్క గాలికి విడిచిపెట్టునా!

"మామయ్యా, తాతగారి మాట మీకు కంఠతా వచ్చు కదా, ఒక్కసారి అప్పజెప్పండి," అనెను.

ముసలాయన గడ్డములోని ఇసుక దులుపుకొని మొదటినుండి తుదివరకు చెప్పెను. అనుమానము తీరక మరల చెప్పెను. మేకులు కోడలే పాతవలెనని ఎక్కడను లేదు.

"లేదురా అబ్బాయ్," అని నిట్టూర్చి సమ్మెట కొడుకు చేతికిచ్చెను.

"నాకు రాదు నాన్నా."

"నేర్పిస్తా లెండి," అని హొగ్లా గొంగళి పరచుకొని తీరికగా కూర్చుండెను. "కాస్త ఏటవాలుగా... ఊహూఁ, ఇంకా దిగాలి. ఇంకా."

మల్కీయా అరచేతులు పొక్కెను. గాలి మరల వీచెను. గుడారము కదలలేదు. చెదరిన గొఱ్ఱెలు దానిని గుర్తుపట్టి ఒకటొకటిగా తిరిగి వచ్చెను. పట్టణపు మాట మరెవ్వరును ఎత్తలేదు.

కావున, భార్య చేసిన పనిని తమ నిష్ఠగా చెప్పుకొను భర్తలును, ఉపవాసమని చెప్పి పులిహోర ఎంతవరకు వచ్చినదని అడుగువారును, కొడుకును పనికి లేవనీయని అత్తలును ఈ వ్రతము తప్పక చేయవలెను. చేసినవారి ఇల్లు గాలికి లేవదు, మంద తప్పిపోదు, ఇల్లాలికి ఒళ్ళు మండదు.

కథ మరచినను దోషము లేదు, మేకు మరువరాదు. అక్షతలు తలపై వేసుకొనుడు. పీటలు ఎత్తువారు ముందు వరుసనుండి లేచి రండు.