ఒక్క పోగూ తెగని పట్టీ

పందెంలో గెలిచిన కోడిపుంజును తెచ్చినట్టు, సోమేశం ఆ పట్టీని రెండు చేతులా పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. కళ్ళు మాత్రం ఏడ్చి ఏడ్చి వాచి ఉన్నాయి.

"చూడండి ఉస్తాద్. ఒక్క పోగు తెగితే ఒట్టు."

మస్తాన్ సాహెబు చూడలేదు. యుద్ధం రాకముందు ఆయన గుర్రాల జీన్లు కుట్టేవాడు. ఇప్పుడు సముద్రం ఒడ్డున ఈ విమానాల మైదానంలో, పైలట్లను సీటుకు కట్టి ఉంచే భుజం పట్టీలు కుడుతున్నాడు. సోమేశం ఆయన శిష్యుడు. చెయ్యి చురుకు, నోరు అంతకన్నా చురుకు.

కుట్టడం అయ్యాక అంచు గీరుకుంటుందేమోనని తన చెంపకేసి రాసి చూసుకోవడం ఉస్తాద్ అలవాటు. జీన్లకు చేసినట్టే పట్టీలకూ చేసేవాడు.

"గుర్రానికి నోరు లేదు కాబట్టి మీ చెంపను అడిగారు. పైలట్లకు నోరుందిగా!" అని సోమేశం నవ్వేవాడు. ఆయన ఒక పట్టీ చెంపకు రాసేలోపు తను రెండో పట్టీ మొదలుపెట్టేవాడు.

నోరున్న పైలట్లలో మొదటివాడు దేవసహాయం. ఇరవై మూడేళ్ళవాడు. విమానం దిగగానే మెడ రుద్దుకుంటూ షెడ్డుకొచ్చేవాడు.

"ఏమోయ్ సోమేశం, నీ పట్టీ కంటే మా హెడ్మాస్టరు బెత్తం నయం."

"గట్టిగా పట్టుకునేవాళ్ళే మనవాళ్ళు సార్!"

ఇద్దరూ పడీ పడీ నవ్వుకునేవాళ్ళు.

నిన్న దేవసహాయం విమానానికి చక్రాలు దిగలేదు. పొట్ట మీదే వరిచేలోకి దించాడు. మంట రేగలేదు. సీటు ఊడలేదు. వీపు వెనక ఉక్కు పలక వంగనైనా లేదు. ముఖం మాత్రం వెళ్ళి, ఎదురుగా ఉన్న గురి చూసే అద్దం తాలూకు ఇనపచట్రానికి కొట్టుకుంది. ఆస్పత్రి దాకా కూడా ప్రాణం నిలవలేదు.

"విమానం బాగానే ఉంది, పట్టీ బాగానే ఉంది. తనిఖీకి వచ్చిన ఆఫీసరూ అదే రాశాడు. మరి మనిషెందుకు పోయాడు ఉస్తాద్?" సోమేశం పట్టీని ఆయన ముందుకు చాపాడు. "మన తప్పు లేదని మీరొక్క మాట అనండి. చాలు."

ఉస్తాద్ లేచాడు. షెడ్డు వెనకకు ఈడ్చుకొచ్చి పెట్టిన ఆ విమానం దగ్గరికి నడిచాడు.

"ఎక్కు."

లోపల కడిగేశారు. తడి ఇంకా ఆరలేదు. సోమేశం భయంభయంగా కూర్చున్నాడు. ఉస్తాద్ పట్టీని మళ్ళీ తగిలించి, పల్చటి చొక్కా మీద బిర్రుగా బిగించాడు.

"శత్రువు వెనకనుంచి వస్తాడంటారు. తిరిగి చూస్తూ ఉండు. కుడికోసారి, ఎడమకోసారి."

జేబులోంచి తస్బీ, తన జపమాల, తీశాడు. మెడ తిరిగినప్పుడల్లా ఒక పూస జరుపుతున్నాడు.

"జపం మీది, మెడ నాదీనా?" అన్నాడు సోమేశం, నోరు ఊరుకోక.

ఉస్తాద్ నవ్వలేదు.

పది పూసలకు అంచు గీరుకుంది. ఇరవైకి మంట మొదలైంది. ముప్ఫైకి చెమట దిగి, ఒరుసుకుపోయిన చోట ఉప్పు రాసినట్టయింది. సోమేశం పళ్ళు బిగపట్టి తిరుగుతూనే ఉన్నాడు.

నలభై దాటాక పూసలు ఆగిపోయాయి.

"ఆపేశారేం ఉస్తాద్?"

"నీ చెయ్యి చూసుకో."

చూసుకున్నాడు. ఎడమ చెయ్యి బకిల్ మీద ఉంది. పట్టీ నాలుగు వేళ్ళ మేర వదులై ఉంది. ఎప్పుడు లాగాడో తనకే తెలియదు.

ఉస్తాద్ తన అరచేతిని ఇనపచట్రానికి ఆనించి పెట్టాడు. రెండో చేత్తో శిష్యుడి వీపును మెల్లగా ముందుకు నెట్టాడు. పట్టీ ఆపలేదు. సోమేశం నుదురు వెళ్ళి ఆ అరచేతిలో పడింది.

"పైలట్లకు నోరుందన్నావుగా," అన్నాడు ఉస్తాద్. "ఆ అబ్బాయి రోజూ చెప్పాడురా."

చాలాసేపటిదాకా సోమేశం తల ఎత్తలేదు. ఉస్తాద్ కూడా చెయ్యి తియ్యలేదు.